పసుపు పెట్టిన కరపత్రం

దంచిన పసుపుని పాత చీరగుడ్డలో జల్లించి, సత్తుగిన్నెలో వేసి, ఇన్ని నీళ్ళు చిలకరించి వేలితో కలుపుతూ పేరమ్మ మాటిమాటికీ గడపవైపు చూస్తోంది. వనజాక్షి ఇంకా రాలేదు. సరుగుడు తోపు వెనక అప్పుడే తెల్లవారుతోంది. సరస్సు మీది గాలి తలుపు సందుల్లోంచి దూరి నేలమీద పేర్చిన కరపత్రాల కట్టని రెపరెపలాడిస్తోంది. ఎగిరిపోకుండా ఆ కట్ట మీద కాల్చిన మట్టిబిళ్ళ ఒకటి బరువు పెట్టి ఉంది.

ఇసకమిట్టపాళెంలో ఆమెని ఎండుచేపల పేరమ్మ అంటారు, కాగితాల పేరమ్మ అని కూడా అంటారు. ఎలా పిలిచినా పలుకుతుంది. పొట్టి మనిషి. ఇన్నేళ్ళూ గంప మోసీ మోసీ మెడ భుజాల్లోకి దిగిపోయి మరీ పొట్టిగా కనిపిస్తుంది. నడినెత్తిన గంప ఆనేచోట జుట్టు రాలిపోయి రూపాయి బిళ్ళంత నున్నగా ఉంటుంది. అక్కడ గాలి తగిలితే హాయిగా ఉంటుందని, మీకా యోగం లేదని తోటి ఆడవాళ్ళని ఏడిపిస్తుంది. మనిషి వీధి మలుపు తిరక్కముందే ఎండు సావడాయ చేపల వాసన వస్తుంది. ఆ వెనకే ఆమె గొంతు వస్తుంది. అదీ గట్టిదే.

సారా వద్దని జిల్లా అంతా ఆడవాళ్ళు రోడ్డెక్కిన రోజుల్లో పేరమ్మ రాత్రిబడిలో కూర్చుని నాలుగు అక్షరాలు నేర్చుకుంది. వాటితో మొట్టమొదట చదివింది ఒక కరపత్రాన్ని. కూడబలుక్కుంటూ చివరిదాకా చదివి, అందులో ఉన్నదంతా తన మొగుడు హజరత్తయ్య సంగతేనని తేలాక బిత్తరపోయింది. మా ఇంటి గుట్టు వీళ్ళకి ఎవరు మోశారబ్బా అని ఊరంతా తిరిగి అడిగి నవ్వులపాలైంది. అదే మాట ప్రతి ఇంట్లో ఆడవాళ్ళూ అనుకున్నారని తెలిశాక ఆమెకి కాగితం మీద పిచ్చి ప్రేమ పుట్టింది. అప్పట్నుంచి ఏ సంఘం వాళ్ళు ఏ కాగితం వేసినా అది పేరమ్మ గంపలో ఎక్కాల్సిందే. కింద చేపలు, పైన తాటాకు మూత, ఆ మూత మీద కరపత్రాలు. రొయ్యల గుంటల ఉప్పునీళ్ళు మంచినీళ్ళ బావుల దగ్గరికి వదలొద్దని ఒకటి, సంతలో చేపలమ్ముకునే చోట నీడ వెయ్యాలని ఒకటి, గంపలున్న ఆడవాళ్ళని బస్సెక్కనివ్వాలని ఒకటి. కొన్ని పనులు జరిగాయి, కొన్ని జరగలేదు. గంప మాత్రం బస్సెక్కింది. ఇప్పటికీ కండక్టరు ముక్కు మూసుకుంటాడు. పేరమ్మ కావాలనే అతని పక్కన నిలబడి ఈ పూట మీ ఇంట్లో ఏం కూరయ్యా అని అడుగుతుంది.

పంచిన ప్రతి కాగితంలోనూ ఒకటి ఆమె దాచుకుంటుంది. దాచుకునే చోటు నెత్తిమీదే. కాగితాన్ని నిలువుగా మడిచి, మెలితిప్పి, గంప కింద ఆనించుకునే చుట్టకుదురులో కలిపి పైన చీరపేలిక చుట్టేస్తుంది. పేలిక చిరిగితే దాని మీదే ఇంకో పేలిక. ఊళ్ళో అందరి చుట్టకుదుళ్ళూ ఒట్టి గుడ్డవే, పేరమ్మది మాత్రం కాగితాల పుణ్యమా అని గట్టిగా, గుండ్రంగా, చిన్న పీటలా ఉంటుంది. ఇన్ని కాగితాలు పంచావు, వాటివల్ల నీకేమొచ్చిందే అని ఎవరైనా అడిగితే, నెత్తి నొప్పి పుట్టకుండా ఉండాదిలే అంటుంది.

అయితే ఈసారి కాగితం ఏ సంఘం వాళ్ళదీ కాదు. పేరమ్మదే.

ఇసకమిట్టపాళెం పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. సరస్సులో రొయ్య బాగా దొరికే చోట్లు కొన్నే. అందరూ అక్కడే వలలు వేస్తే తలలు పగులుతాయని వెనకటివాళ్ళు వంతులు పెట్టారు. ఇంటికొక మట్టిబిళ్ళ. దాని మీద ఆ ఇంటి గుర్తు, ఒకరిది చేపముల్లు, ఒకరిది తెడ్డు, ఒకరిది మూడు గీతలు. ఏడాదికొక సాయంత్రం ఊరి మగవాళ్ళంతా వలల కొట్టంలో కూర్చుని బిళ్ళలన్నీ కుండలో పోసి కలుపుతారు. చూపు మందగించిన ముసలి గంగులయ్య చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీస్తాడు. గుర్తుని వేలితో తడిమి అది ఎవరిదో పైకి చెబుతాడు. ఆ ఇంటివాళ్ళు ‘ఉండాం’ అని పలకాలి. మూడు పిలుపుల్లో పలికితే ఆ వరసలో ఆ ఇంటికి వంతు ఖాయం. మొగుడు పోయి, ఎదిగిన కొడుకు లేని ఇంటి బిళ్ళని మాత్రం అసలు కుండలో వెయ్యరు. పలికేవాడు లేడు కదా అని దినాలు కాగానే ఇంటికి పంపేస్తారు.

హజరత్తయ్య పోయాక ఆయన బిళ్ళ అలాగే ఇంటికొచ్చింది. అప్పటికి పేరమ్మ నడి వయసులో ఉంది. బిళ్ళ తెచ్చినవాళ్ళు గడప దాటేదాకా ఊరుకుని, తర్వాత దాన్ని తీసి గోడకేసి కొట్టింది. గోడ పెచ్చు ఊడింది కానీ బిళ్ళ పగల్లేదు. సర్లే, నువ్వూ నాలాంటిదానివే అని ఏడుస్తూనే దాన్ని ఎత్తి పెట్టుకుంది. మర్నాడే మళ్ళీ గంప నెత్తికెత్తుకుంది. గాలికి కరపత్రాలు ఎగరకుండా ఆ బిళ్ళే బరువు అయింది. తన వంతు గురించి ఆమె ఏనాడూ ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. ఊరి కోసం అన్ని కాగితాలు పంచిన మనిషికి తన ఇంటి బిళ్ళ మీద కాగితం వెయ్యొచ్చని తోచనే లేదు.

తోచింది మొన్నటి వానల తర్వాత. గోడ పక్క ఇంటి పెంచల్ సరస్సులో వల తీస్తుండగా పిడుగు పడి పోయాడు. పెళ్ళాం రోజాకి నిండా పాతికేళ్ళు లేవు, ఇద్దరు చంటిపిల్లలు. దినాలైన రోజు పెంచల్ బిళ్ళని ఆమె చేతిలో పెట్టి వెళ్ళారు. రోజా దాన్ని గోడకేసి కొట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు కొంగు కప్పి కూర్చుంది. గోడ మీంచి పేరమ్మ అది చూసింది. ఇంట్లో పెంచల్ వలలు ఉన్నాయి, పడవ ఉంది. వంతు ఒక్కటి ఉంటే రోజా తమ్ముడు వచ్చి వల వేస్తానంటున్నాడు. వంతు లేకపోతే పిల్లల్ని తల్లిగారింట్లో వదిలి రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోవాలి. ఆ ఐసు నీళ్ళలో వేళ్ళు ఎలా పుండ్లు పడతాయో పేరమ్మకి తెలుసు.

అందుకే నాయుడుపేట వెళ్ళి, ప్రెస్సు నడిపే జడ్సన్ ఎదురుగా బల్ల మీద కూర్చుని, తనే మాటలు చెప్పి రాయించింది. పైన పెద్ద అక్షరాలతో ‘మా బిళ్ళ కుండలో వెయ్యండి’ అని. కింద ఇలా: ‘మొగుడు పోయిన ఇంట్లో ఆకలి పోలేదు. వలలుండాయి, పడవలుండాయి. వంతు ఒక్కటే లేదు. మా బిళ్ళలు కూడా కుండలో వెయ్యండి. పలకడానికి మేముండాం. వంతులేసే రోజు సాయంత్రం ఆడా మగా అందరూ వలల కొట్టం దగ్గరికి రండి.’ జడ్సన్ ఆమెని చిన్నప్పట్నుంచీ ఎరుగును. పెళ్ళికార్డులు కోయగా మిగిలిన దళసరి కాగితాల మీద అచ్చువేసి ఇచ్చాడు. కాగితం పైభాగాన కలశం, రెండు అరటిచెట్లు అప్పటికే అచ్చయి ఉన్నాయి. చూసి ఇద్దరూ నవ్వుకున్నారు. పెళ్ళెవరికి పెద్దమ్మా అని అడిగితే, ఇంకా ఖాయం కాలేదులే అబ్బయా అంది పేరమ్మ.

ఆ కలశం బొమ్మ చూశాకే ఆమెకి పసుపు ఆలోచన వచ్చింది. సంతలో నీడ కావాలని పంచిన కాగితాల్ని మగవాళ్ళు బీడీ వెలిగించుకోవడానికి చించారు. ఆడవాళ్ళు పొయ్యి రాజేశారు, ఆమె కళ్ళముందే చేపలు పొట్లం కట్టారు. కానీ నాలుగు మూలలా పసుపు పెట్టిన కాగితాన్ని ఇసకమిట్టపాళెంలో ఎవరూ చించరు, కింద పారెయ్యరు. కళ్ళకద్దుకుని దేవుడి పటం వెనక పెడతారు. చిక్కల్లా ఒక్కటే. పసుపు పెట్టాల్సింది ముత్తైదువ చెయ్యి. ఊరిపెద్ద కామాక్షయ్య భార్య వనజాక్షి నేనొచ్చి పెడతానక్కా అని నిన్న బోరింగు దగ్గర మాట ఇచ్చింది.

బాగా తెల్లవారింది. వనజాక్షి బదులు రోజా వచ్చింది, చంకలో చిన్నదాన్ని వేసుకుని. వనజాక్షక్క రాదంట అవ్వా, కామాక్షయ్య మామ ఒద్దన్నాడంట అని గోడకి చేరగిలబడింది. ఆ పిల్ల మొహం అప్పటికే ఏడవడానికి సిద్ధంగా ఉంది.

పేరమ్మ గిన్నె ముందుకు లాక్కుంది. తర్వాత వేలు ముంచి, పైకాగితం మూల మీద ఒత్తింది. రెండో మూల, మూడో మూల.

రోజా బిడ్డని దించేసి దగ్గరికొచ్చింది. “మనం పెట్టొచ్చా అవ్వా?”

“కొమ్ములు నేనే కొన్నా, నేనే దంచినా. నా యేలు తగిల్తే పసుపు నల్లబడుద్దా యేందిమే? చూడు, పచ్చంగానే ఉండాది.”

అన్నదే కానీ నాలుగో మూల దగ్గర ఆమె వేలు ఆగింది. హజరత్తయ్య పోయినప్పట్నుంచీ పేరంటానికి పిలిచినవాళ్ళు లేరు, పసుపు ముట్టింది లేదు. ఎదుటి మనిషి శుభం చెడుతుందేమోనని తనే దూరంగా నిలబడే అలవాటు ఒంట్లో పాతుకుపోయింది. కొన్ని కాగితాలయ్యాక జంకు తగ్గింది. ఇంకొన్ని అయ్యాక రోజా కూడా పక్కన కూర్చుని వేలు ముంచింది. చిన్నది గిన్నెలో చెయ్యంతా పెట్టేసి పొట్టకి పూసుకుంది. అది చూసి ఇద్దరూ నవ్వారు. పెంచల్ పోయాక రోజా నవ్వగా పేరమ్మ చూడటం అదే మొదలు.

వంతులు ఆ సాయంత్రమే. ఎండ ఎక్కకముందే పేరమ్మ గంప ఎత్తుకుంది. కాగితం ఇవ్వడంలో ఆమెకి ఒక పద్ధతి ఉంది. తడిచేతికి ఇవ్వదు. పల్లెలో పొద్దున పూట ఎవరి చేతులైనా తడిగానే ఉంటాయి కాబట్టి చెయ్యి తుడుచుకునేదాకా గడపలో నిలబడి ఏదో ఒకటి వాగుతుంది. సునామీ వచ్చిపోయాక కట్టించిన కాలనీ ఇళ్ళు ఇవన్నీ. వెనకటి పాకలకైతే చూరు ఉండేది, ఎవరూ లేకపోయినా కాగితం చూర్లో చెక్కి వెళ్ళేది. ఈ స్లాబుల ఇళ్ళకి చూరేదీ అని ఆమె ఇప్పటికీ తిట్టుకుంటుంది. ఆ రోజు మాత్రం తిట్టుకునే పని పడలేదు. పసుపు చూడగానే ప్రతి ఒక్కరూ చేతులు తుడుచుకుని రెండు చేతులా అందుకున్నారు. చదువు రాని ముసలమ్మలు కలశం బొమ్మ తడిమి పెళ్ళెవరిదని అడిగారు. సాయంత్రం కొట్టం కాడికి రండి, మీకే తెలస్తది అని చెప్పి పేరమ్మ ముందుకు పోయింది. అబద్ధం ఆడలేదు. నిజం మొత్తమూ చెప్పలేదు. ముసలమ్మలు చీరలు తియ్యడానికి ట్రంకుపెట్టెలు తెరుచుకున్నారని ఆమెకి తెలియదు.

కామాక్షయ్య ఇంటిముందు ఆగింది. ఆయన అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. చెడ్డవాడేం కాదు. హజరత్తయ్య పోయినప్పుడు పాడె పట్టినవాళ్ళలో ఆయనొకడు, పేరమ్మని అక్కా అని నోరారా పిలుస్తాడు. కాకపోతే వెనకటివాళ్ళు పెట్టినదాన్ని తన చేతిమీదుగా చెడగొట్టాడన్న మాట పడకూడదని ఆయన భయం. కాగితం అందుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. చించుదామని వేళ్ళు బిగించాడు. పసుపు చూసి వదిలేశాడు. దాన్ని ఏం చెయ్యాలో తోచక ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ కూర్చున్నాడు. పేరమ్మకి ఆయన్ని చూస్తే జాలేసింది, నవ్వూ వచ్చింది.

చివరికి, “బిళ్ళ కుండలో వేసేదానికి నాదేం పోయిందక్కా? పలకాల గదా. సబలో ఆడకూతురు నోరిప్పి పలకద్దా?” అన్నాడు.

“పిలిచి చూడు తమ్ముడా” అంది పేరమ్మ.

లోపల్నుంచి వనజాక్షి వచ్చి మొగుడి చేతిలోంచి కాగితం తీసుకుంది. మూలల్లో పసుపు చూసింది, పేరమ్మ చూపుడువేలు చూసింది. ఎవరు పెట్టారో అర్థమై తలొంచుకుంది. కాగితాన్ని కళ్ళకద్దుకుని గంగమ్మ పటం వెనక పెట్టి, వచ్చి పేరమ్మ గంపకి చెయ్యి సాయం పట్టింది. పోనీలేమే, నీ మొగుడు వల చించుకుంటుండాడు చూడు, పోయి కుట్టు అని పేరమ్మే ఆమెని తేలిక చేసింది.

కాగితాలు పంచినంత మాత్రాన ఎండుచేపలు వాటంతటవే అమ్ముడుపోవు. బస్సెక్కి వాకాడు పోయి, రోజూ తిరిగే వీధులన్నీ తిరిగింది. గంప తేలికవుతున్నా ఒళ్ళు బరువెక్కుతోంది. ఎడమ భుజం లాగుతోంది. పొద్దున్నే రోకలి పట్టినందుకు అనుకుంది. తిరుగుబస్సు దిగి ఊళ్ళోకి నడుస్తూ సరుగుడు తోపులో ఆగి కూర్చుంది. ఆయాసం తగ్గడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఊరికే ఉండలేక నెత్తిమీది చుట్టకుదురు తీసి, పేలిక కొస విప్పి, మిగుల్చుకున్న ఒక్క కాగితాన్ని మడిచి లోపల దోపింది. ముడి సరిగా బిగించడానికి వేళ్ళలో బలం చాల్లేదు. ఇంటికి పోయి బిగించుకోవచ్చులే అనుకుని లేచింది.

సాయంత్రం వలల కొట్టం దగ్గర జరిగినదాన్ని ఊరు ఈనాటికీ చెప్పుకుని నవ్వుకుంటుంది. నవ్వి, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంటుంది. మగవాళ్ళు లుంగీలతో, భుజాన తువ్వాళ్ళతో ఎప్పట్లాగే చుట్టూ కూర్చుని ఉన్నారు. మధ్యలో కుండ. అంతలో ముసలమ్మలు పట్టుచీరలు కట్టుకుని బిలబిలమంటూ వచ్చారు. తలల్లో కనకాంబరాలు, మెడల్లో ఉన్న బంగారమంతా. కోడళ్ళు పిల్లలకి పౌడర్లు పూసి చంకలకెత్తుకొచ్చారు. పెళ్ళి పందిరేది, పెళ్ళికూతురేది అని ఒకరు అడిగితే, మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా వచ్చామని ఇంకొకరు. చదువొచ్చిన కోడళ్ళకి సంగతి ముందే తెలుసు. తెలిసీ అత్తలకి చెప్పకుండా పట్టుచీరలు కట్టించి తీసుకొచ్చారు. అసలు విషయం బయటపడ్డాక ముసలమ్మలు పేరమ్మని నోటికొచ్చినట్టు తిట్టారు. తిట్టి, వెనక్కి పోవడానికి బద్ధకించి, కట్టిన చీర ఊరికే పోతుందా అని అక్కడే చతికిలబడ్డారు.

మగవాళ్ళకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. పసుపు కాగితం అందుకుని వచ్చినవాళ్ళని పొమ్మనడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదు. ఇద్దరు ముగ్గురు గొణిగారు. గట్టిగా గొణుగుదామంటే ఎదురుగా వాళ్ళ అమ్మలే కూర్చుని ఉన్నారు. కామాక్షయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, మొగుళ్ళు పోయిన ఇళ్ళ బిళ్ళలు కూడా తెచ్చి కుండలో వెయ్యమన్నాడు. అయితే సభలో మూడు పిలుపుల్లో పలకాలని, పలకని ఇంటి బిళ్ళ మళ్ళీ ఎన్నటికీ కుండ ఎక్కదని అందరూ వినేట్టు చెప్పాడు.

రోజా పెంచల్ బిళ్ళ వేసి వచ్చి ఆడవాళ్ళ వెనక దాక్కుని కూర్చుంది. మొగుడి పేరు పిలిస్తే అంతమంది మగవాళ్ళ ముందు నోరు పెగుల్తుందా అని ఒళ్ళంతా చెమటలు పోస్తున్నాయి. పేరమ్మ తన బిళ్ళ తానే తెచ్చి కుండలో జారవిడిచింది. వచ్చి కొట్టం స్తంభానికి ఆనుకుని, చుట్టకుదురు పక్కన పెట్టుకుని కూలబడింది. ఎక్కణ్ణుంచి లేచొచ్చిందో వనజాక్షి వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. కామాక్షయ్య అటు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

“ఆ పిల్ల బయపడతా ఉండాది” అంది పేరమ్మ మెల్లగా. “నాది ముందొస్తే బాగుండు. నేను పలికితే నన్ను చూసి అదీ పలుకుద్ది.”

కుండలో బిళ్ళలు కలిపిన చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళూ ఇంట్లో కూర్చుని దూరం నుంచి విన్న చప్పుడది. అందులో తన బిళ్ళ చప్పుడు ఏదో పోల్చుకోవాలని చెవులు రిక్కించింది. సరస్సు మీంచి గాలి వచ్చి నడినెత్తిన తగిలింది. హాయిగా ఉంది. చిన్న మాటే కదా, ఉండాం. మర్చిపోతానేమోనని నోట్లోనే ఒకసారి అనుకుని చూసుకుంది. కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత జరిగింది ఎన్నాళ్ళకో వనజాక్షి చెబితేనే ఊరికి తెలిసింది. మూడో నాలుగో ఇంటి బిళ్ళ తీస్తుండగా పేరమ్మ తల ఆమె భుజం మీద వాలింది. అలిసిపోయి నిద్రపోయిందనుకుని చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. గొంతుదాకా కేక వచ్చింది. దాన్ని అక్కడే మింగేసింది. వంతులేసేటప్పుడు ఊళ్ళో చావు తెలిస్తే కుండ మీద గుడ్డ కప్పేస్తారు. మైల పోయాక మళ్ళీ మొదటి నుంచి వేస్తారు. అప్పటికి ఈ పట్టుచీరలుండవు, ఈ ముసలమ్మలుండరు. మగవాళ్ళే కూర్చుంటారు, రోజా బిళ్ళ ఇంటికొచ్చేస్తుంది. వనజాక్షి కొంగు తీసి పేరమ్మ భుజం చుట్టూ కప్పింది. నడుం చుట్టూ చెయ్యి వేసి, మనిషి జారిపోకుండా తనకేసి అదుముకుంది. పొద్దున రాలేకపోయినదాన్ని, ఇప్పుడు నిన్ను వదలనక్కా అని లోపల్లోపలే అనుకుంటూ, ఎవరైనా చూస్తే నవ్వుతూ కూర్చుంది.

గంగులయ్య కుండలోంచి ఇంకొకటి తీశాడు. వేలితో తడిమాడు. మళ్ళీ తడిమి, మసక కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, “మూడు గీతలు, చుక్క. ఇది మన హజరత్తుది గదరా” అన్నాడు. ఎంత కాలానికి తగిలిందిరా చేతికి అని దాన్ని అరచేతిలో పెట్టుకుని నిమిరాడు. తర్వాత, హజరత్తయ్య ఇల్లు అని గట్టిగా పిలిచాడు.

ఎవరూ పలకలేదు. అందరూ స్తంభం వైపు చూశారు. వెనకనుంచి రోజా మెడ చాచి చూసింది. రెండోసారి పిలిచాడు. ముసిల్ది నిదరపోయిందిరా అని ఎవరో నవ్వారు. రోజా మొహంలో రక్తం లేదు. కామాక్షయ్య ఆగమని చెయ్యెత్తబోయాడు. గంగులయ్య మూడోసారి పిలిచాడు.

“ఉండాం” అంది వనజాక్షి.

ఊరిపెద్ద పెళ్ళాం సభలో నోరు విప్పడం అంతవరకూ ఎవరూ ఎరగరు. ఆ ఇంటోళ్ళు గదా పలకాల్సింది అని ఒక గొంతు లేచింది. కామాక్షయ్య భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు. కళ్ళనిండా నీళ్ళు, మొహం మీద నవ్వు, ఆ రెండూ ఒకేసారి ఎందుకున్నాయో ఆయనకి అర్థం కాలేదు. తువ్వాలు భుజాన సర్దుకుని, పలుకు ఇనపడింది, ఇంకో బిళ్ళ తియ్ పెదనాయనా అన్నాడు. హజరత్తయ్య బిళ్ళ వంతుల వరసలో చేరింది.

ఇంకొన్ని బిళ్ళలయ్యాక పెంచల్‌ది వచ్చింది. పిలుపు పూర్తవుతుండగానే రోజా స్తంభం వైపు చూసింది. పేరమ్మ కళ్ళు మూసుకుని వనజాక్షి భుజం మీద హాయిగా ఒరిగి ఉంది. వనజాక్షి తలూపింది. రోజా లేచి నిలబడింది. “ఉండాం” అంది. అంత గొంతు తనకుందని ఆ పిల్లకే తెలియదు. సరస్సులో తెడ్డు వేస్తున్నవాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది. ముసలమ్మలు పెళ్ళిలో తలంబ్రాలు పోసినప్పటిలా ఒక్కసారిగా నవ్వుతూ కేకలు వేశారు. ఆ కేకల మధ్య అడ్డు చెప్పడానికి ఇంకెవరికీ సందు దొరకలేదు.

కుండ ఖాళీ అయింది. గంగులయ్య ఆనవాయితీ ప్రకారం దాన్ని తిరగేసి అందరికీ చూపించాడు. అప్పుడు వనజాక్షి మొగుడిని దగ్గరికి పిలిచింది.

“పేరమ్మక్క పొయ్యిందయ్యా” అని చెప్పి, అంతసేపూ బిగబట్టినదంతా వదిలేసి బావురుమంది.

ఎప్పుడు పోయిందో కామాక్షయ్య అడగలేదు. అడిగితే వంతులన్నీ మళ్ళీ వెయ్యాల్సి వస్తుందని ఆయనకీ తెలుసు. వంగి, పేరమ్మ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. చూపుడువేలి చివర ఇంకా పచ్చగా ఉంది. అక్కా అని పిలిచి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రోజా పరిగెత్తుకొచ్చి పేరమ్మ కాళ్ళ మీద పడింది. నువ్వు ఇంటుండావనే పలికినా గదవ్వా అని ఏడ్చింది. మగవాళ్ళు వలల కర్రలకి చాప కట్టి ఆమెని ఎత్తుకున్నారు. పట్టుచీరల్లో ఉన్న ఆడవాళ్ళంతా, పొద్దున రెండు చేతులా కాగితం అందుకున్నవాళ్ళూ సాయంత్రం తిట్టినవాళ్ళూ, చీకటి పడకముందే ఇంటికి చేర్చాలని ఆమె వెంట నడిచారు. ఊళ్ళో ఏ పెద్దమనిషినీ అంత అలంకరించుకుని సాగనంపలేదు.

కొట్టంలో స్తంభం పక్కన చుట్టకుదురు అలాగే ఉండిపోయింది. బిగించని ముడి వదులై పేలిక కొస గాలికి ఊగుతోంది, లోపలి కాగితం మూల ఒకటి పసుపుతో బయటికి కనిపిస్తోంది.